ఓదెలు పుస్తకంలో యాభై ఎనిమిది

నేను ఒక రైలు పట్టాను. ఉన్నమాట చెప్పాలంటే పట్టా ముక్కను. పన్నెండు మీటర్ల పొడవు, మధ్యలో పాము మెలిక తిరిగినట్టు ఒక వంకర, రెండు చివరలా గ్యాస్‌తో కోసిన నల్లటి గాట్లు. గోదావరికి ఇవతల, బొగ్గు గనులకు ఒక పూట నడక దూరంలో, పట్టాలు బాగుచేసే గ్యాంగు గది వెనక తుమ్మచెట్ల పక్కన పడి ఉన్నాను. నా మీద సుద్దముక్కతో 'స్క్రాప్' అని రాశారు. రాసినందుకు నాకేం బాధ లేదు. పని అయిపోయిన ఇనుమును కరిగించుకోవడం, మళ్ళీ పోత పోసుకోవడం మామూలే. నాకున్నది కోపం. కరిగే లోపల ఆ కోపం ఎవరికైనా చెప్పుకోవాలి.

వస్తువుల ఆత్మకథలు మీరు చదివే ఉంటారు. అవి చాలా వినయంగా ఉంటాయి. పుట్టాను, అరిగాను, మూల పడ్డాను, అయినా మనుషుల మేలే కోరుతున్నాను అంటాయి. నాకు ఆ వినయం చేతకాదు. నలభై రెండేళ్ళు నా మీదుగా ప్రయాణం చేశారు. పల్లీలు తిని పొట్టు నా మీదే పోశారు. ఒక్కరోజైనా కిటికీలోంచి కిందికి తొంగి చూసి ఇదెలా ఉందో అనుకోలేదు. కాబట్టి ఇప్పుడు కాసేపు కూర్చుని వినండి.

నాకు ఇది రెండో జన్మ. మొదటి జన్మలో దొరల దేశంలో పుట్టి ఓడెక్కి వచ్చాను. నిజాం రాజ్యంలో అడవుల కింద బొగ్గు ఉందని తెలిసి దానికి దారి వేస్తున్న రోజులవి. బొగ్గు తేవడానికి రైలు కావాలి, రైలుకు పట్టాలు కావాలి, పట్టాలు పోయడానికి బొగ్గు కావాలి. ఇందులో ఎవరి కోసం ఎవరు పనిచేస్తున్నారో నాకు అప్పుడే అర్థం కాలేదు. నా మీద నడిచిన మొదటి ఇంజనులో ఒక మనిషి పొద్దంతా పారతో బొగ్గు ఎత్తి మంటలో పోస్తూనే ఉండేవాడు. అది వదిలే పొగ చూడటానికి ఊళ్ళకు ఊళ్ళు కట్టకట్టుకుని వచ్చేవి. ఆడవాళ్ళు ఇంజనుకు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. పొగ పైకి పోయేది. పైకి పోయింది కాబట్టి పోయిందనే అందరూ అనుకున్నారు. ఆకాశాన్ని మీరు ఇంటి అటక అనుకున్నారు. పనికిరానిదంతా అందులోకి విసిరేసి మళ్ళీ అటు చూడలేదు.

అది ఎక్కడికీ పోలేదు. ఆ బొగ్గు ఒకప్పటి అడవి. కోట్ల ఏళ్ళ కిందట ఎండ తాగి బతికిన చెట్లు బురదలో కూరుకుపోయి, మట్టి బరువుకు నలిగి నల్లరాయి అయ్యాయి. అంత కాలం పట్టి భూమి లోపల దాచుకున్నదాన్ని మీరు ఏడెనిమిది తరాల్లో తవ్వి తగలబెట్టారు. బొగ్గు చాలక నూనె తోడారు, గ్యాస్ తోడారు. ఆ గాలిని కాస్తో కూస్తో పీల్చుకునే అడవులను కూడా నరికారు. నా కింద అడ్డదిమ్మెలుగా పరిచిన మొదటి స్లీపర్లన్నీ టేకు చెట్లే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కంటికి కనిపించే నల్ల పొగ చెదిరిపోతుంది గానీ కనిపించని వాయువు వందల ఏళ్ళు పైనే ఉంటుంది. పగలు నేల తాగిన వేడిని తిరిగి పోనివ్వకుండా గొంగడి కప్పినట్టు కప్పేస్తుంది. చదువుకున్న వాళ్ళు ఈ సంగతి వందేళ్ళ కిందటే కాగితం మీద లెక్క కట్టి చూపించారు. మీకు అప్పుడు రైలు అందుకునే తొందరలో వినడానికి తీరిక దొరకలేదు.

నా మొదటి జన్మ అరిగి అరిగి అయిపోయాక నన్ను కరిగించి ఈ దేశంలోనే ఒక కర్మాగారంలో మళ్ళీ పోశారు. ఒక టన్ను ఉక్కుకు ముప్పాతిక టన్ను బొగ్గు కాలుతుంది. నేనేమీ కడిగిన ముత్యాన్ని కాను, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోని వాళ్ళ మీదే నా కోపం.

కొత్తగా వేసిన రోజుల్లో నాకూ నా పక్క పట్టాకూ మధ్య ఒక సందు ఉండేది, చిటికెన వేలంత. ఎండకు ఇనుము సాగుతుంది, ఆ సాగే చోటు అది. గ్యాంగు వాళ్ళు ఆ సందులను చూసే ఎండ ఎంత ముదిరిందో చెప్పేవారు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట సందు పూర్తిగా మూసుకుపోయేది. సాయంత్రానికి మళ్ళీ తెరుచుకునేది. తర్వాత తర్వాత అది ఉగాదికే మూసుకోసాగింది. ఈ మధ్య శివరాత్రి వెళ్ళిన వారానికే నా ఒళ్ళు బిగుసుకుంటోంది. చలికాలం అని మీరు ఇంకా దేన్ని అంటున్నారో నాకు తెలియదు. నాకు చదువూ లేదు, లెక్కలూ రావు. నాకున్నది పొడుగు ఒక్కటే, అది అబద్ధం చెప్పదు.

ఆ సందులు కూడా మీకు నచ్చలేదు. రైలు కుదుపుతోందని, టీ ఒలుకుతోందని, నిద్ర పట్టడం లేదని గొణిగారు. వెల్డింగ్ చేసి మమ్మల్ని కిలోమీటర్ల కొద్దీ ఒకటిగా అతికేశారు. అందులో తప్పేం లేదు, అలా అతికిన పట్టాలు ప్రపంచమంతా ఉన్నాయి. స్లీపర్లు గట్టిగా పట్టుకుని, వాటి చుట్టూ కంకర బిగువుగా ఉంటే, ఎండకు సాగాలనిపించినా ఆ బలమంతా లోపలే దిగమింగుకుని పడి ఉంటాం. కానీ ఎంతవరకు దిగమింగగలమో దానికొక లెక్క ఉంది. ఆ లెక్క పాత ఎండలను చూసి కట్టారు. ఎండలు మారాయి, లెక్క పుస్తకం మాత్రం అదే బీరువాలో ఉంది.

ఇంతలో కరెంటు ఇంజన్లు వచ్చాయి. పొగ లేదు, మసి లేదు. చూశారా, ఎంత శుభ్రంగా ఉన్నామో అని పోస్టర్లు వేశారు. నా మీద కాల్చడం మానేసి పొగగొట్టాలు ఉన్న ఊళ్ళో కాల్చడం మొదలుపెట్టారు, అంతే. ఆ ఊళ్ళకు బొగ్గు మోసేది మళ్ళీ నేనే. ఎండ పెరిగేకొద్దీ పట్నంలో ఏసీలు పెరుగుతాయి. ఏసీలకు కరెంటు, కరెంటుకు బొగ్గు, బొగ్గుకు రైళ్ళు. వేసవి వస్తే గంటకు రెండు బొగ్గు బండ్లు నా మీద నుంచి పోతాయి. వాటికి దారి ఇవ్వడానికి మామూలు జనం ఎక్కే ప్యాసింజరును ఆ సీజనంతా రద్దు చేశారు. ఇళ్ళు చల్లబరచడానికి ఊరిని ఇంకాస్త కాల్చడం అనే ఉపాయం ఏ జంతువుకూ తట్టలేదు, మనిషికే తట్టింది.

ఇదంతా నేను ఎవరికి చెప్పాలి? ఓదెలుకు చెప్పేవాణ్ణి, ఆయనకు వినపడేదైతే.

ఓదెలుకు యాభై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఈ గ్యాంగులోనే పని. తలకు తడి తువ్వాల, చొక్కా జేబులో ఒక ఉల్లిగడ్డ, భుజాన సంచి. సంచిలో ఎర్ర జెండాలు, ఒక పానా, నీళ్ళ సీసా, గస్తీ పుస్తకం, డిటొనేటర్లు. డిటొనేటర్ అంటే పట్టాకు బిగించే చిన్న రేకు డబ్బీ, దాని మీద చక్రం ఎక్కితే ఢామ్మని పేలుతుంది, డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఉల్లిగడ్డ దేనికంటే వడదెబ్బ తగలకుండా. ప్రభుత్వం వారు ఒక టోపీ, ఒక నినాదం ఇచ్చారు. ఉల్లిగడ్డ ఆయన సొంతం.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేసవి గస్తీ ఉంటుంది. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా, అంటే కుక్కలు కూడా నీడ వదలని వేళ, పట్టా వెంట నడవాలి. ఎక్కడైనా పట్టా మెలిక తిరిగిందేమో చూడాలి. రాళ్ళవాగు స్టేషన్ నుంచి దక్షిణం వైపు ఓదెలు వచ్చేవాడు. అవతలి గేటు నుంచి ఉత్తరం వైపు సమ్మక్క వచ్చేది. సమ్మక్క భర్త ఇదే గ్యాంగులో పనిచేసి జబ్బుతో పోతే ఆ ఉద్యోగంలో చేరింది. ఇద్దరూ రెండు వందల నలభై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర కలుసుకుని గస్తీ పుస్తకాలు మార్చుకోవాలి. ఆయన పుస్తకం ఆమె తీసుకుపోతుంది, ఆమెది ఆయన తీసుకుపోతాడు. మర్నాడు మళ్ళీ ఎవరిది వాళ్ళకు. ఇద్దరూ నిజంగా నడిచారనడానికి అదే రుజువు. అవతలి మనిషి రాకపోతే రాయి దగ్గరే ఆగిపోకూడదు, కనిపించే దాకా ముందుకు నడవాలి. ఆ రూలు రాసినవాడు బుద్ధిమంతుడు.

పుస్తకంలో ఇంకో గడి ఉంటుంది. రోజూ మధ్యాహ్నం నా ఒంటి మీద థర్మామీటరు పెట్టి, పట్టా వేడి ఎంతుందో అందులో రాయాలి. ఆ సెక్షన్‌లో అది అరవై డిగ్రీలు దాటితే బండ్ల వేగం గంటకు ముప్పై కిలోమీటర్లకు తగ్గించాలని ఆర్డరు. వేగం తగ్గితే రోజుకు నాలుగైదు బొగ్గు బండ్లు ఆలస్యం. ఆలస్యమైతే పెద్దాఫీసు నుంచి ఇంజనీరుకు ఫోను, ఇంజనీరు నుంచి గ్యాంగు పెద్ద, మేటు రాజపోశానికి ఫోను. ఎవరూ ఎవరికీ అబద్ధం రాయమని చెప్పలేదు, అదే ఇందులో గమ్మత్తు. రెండేళ్ళ కిందట ఒకసారి ఓదెలు అరవై నాలుగు అని రాశాడు. ఆ రోజు వచ్చిన ఫోన్లకు రాజపోశం నాలుగు రోజులు మనిషి కాలేదు. అప్పటి నుంచి గ్యాంగులో అందరూ యాభై ఎనిమిది రాయడం అలవాటు చేసుకున్నారు. థర్మామీటరును గుడ్డలో చుట్టి గ్యాంగు గది అలమారలో పెట్టారు.

ఓదెలు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఏడో తరగతి చదివిన ఓదెలుది గుండ్రటి దస్తూరి, గ్యాంగులో అంత అందంగా రాసేవాళ్ళు లేరు. ఎండలో రాస్తే చెమట కారి అక్షరాలు అలుక్కుపోతున్నాయని సోమవారం పొద్దున్నే నీడలో కూర్చుని వారం మొత్తానికి యాభై ఎనిమిది రాసేసేవాడు. ఆరు రోజులకు ఆరు, ఒకదాని కింద ఒకటి, ముత్యాల్లా. నాకు ఓదెలు మీద కూడా కోపమే. నా ఒంటి వేడిని నన్ను అడక్కుండానే రాసిన మనిషి ఆయన. సమ్మక్క ఒకసారి పుస్తకాలు మార్చుకునేటప్పుడు ఆ మాటే అడిగింది.

"అన్నా, గీ లెక్క అబద్ధం గదనే."

ఓదెలు రాయి మీద కూర్చుని అంబలి సీసా మూత తిప్పుతున్నాడు. "నిజం రాస్తే బండ్లు ఆగుతయి చెల్లె. బండ్లు ఆగితే మేటుకు ఫోనొస్తది, మేటు నా మీద పడ్తడు. యాభై ఎనిమిదికైతే ఎవలు గూడ ఫోను చెయ్యరు."

సమ్మక్క ఆయన పుస్తకం తీసుకుని తనది ఇచ్చింది. తన పుస్తకంలో కూడా యాభై ఎనిమిదే ఉంది.

ఆ ఏడాది మే మొదటి వారంలో ఆ రాయికి కొంచెం ఇవతల, ఓదెలు వచ్చే వైపు, గుట్టను కోసి దారి తీసి నన్ను పరిచిన చోట కంకర జల్లెడ పట్టే యంత్రం తెచ్చారు. నిరుడు జూలైలో ఒక్క పూటలో నెల వాన కురిసి గుట్ట మీది మట్టంతా కంకరలోకి దిగిపోయింది. ఆ మట్టి తీయడం అవసరమే, చలికాలంలో తీయాల్సింది. బొగ్గు బండ్ల మధ్య ఖాళీ దొరకలేదని వాయిదా వేసి వేసి, నడివేసవిలో, మూడు గంటల వ్యవధి ఇచ్చి ముగించమన్నారు. కంకర కదిలించాక కొన్ని రోజులు బండ్లు మెల్లగా పోవాలి, అప్పుడు గానీ అది మళ్ళీ బిగుసుకోదు. రెండు రోజులే పోనిచ్చారు. మూడో రోజు వేగం పెంచమని ఆర్డరు వచ్చింది. నన్ను పట్టుకుని ఉన్నవాళ్ళ పట్టు సడలించి, నన్ను మాత్రం బుద్ధిగా ఉండమన్నారు.

ఆ తర్వాత వచ్చిన బుధవారం నీడలోనే నలభై ఏడు డిగ్రీలు. నా ఒళ్ళు అరవై తొమ్మిదికి పోయింది. రాత్రి కూడా చల్లబడలేదు కాబట్టి పొద్దున ఎనిమిదికే ఆ వేడిలో సగానికి ఎక్కేశాను. నేను దిగమింగుకోగలిగినంత దిగమింగుకున్నాను, మీకు ఆ సంగతి తెలియాలి. ఒకటిన్నర దాటాక ఒక బొగ్గు బండి పోయింది, దాని కుదుపుకు స్లీపర్లు వదులు కంకరలో జరిగాయి. ఇక నా చేతుల్లో లేదు. పక్కకు తన్నుకున్నాను. తుపాకి పేలినంత చప్పుడైంది. తిన్నగా ఉన్న దారి జానెడున్నర పక్కకు మెలిక తిరిగింది.

పదిహేను నిమిషాల తర్వాత ఓదెలు వచ్చాడు. నన్ను చూసి నిలబడిపోయాడు. తర్వాతి బండి రాళ్ళవాగు వైపు నుంచి, అంటే ఆయన వచ్చిన దారినే వెనక నుంచి రావాలి. జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు. అది వేడెక్కి తనంతట తానే ఆగిపోయి ఉంది. రెండుసార్లు నొక్కి చూసి సంచిలో పడేశాడు. మెలిక దగ్గర ఒక ఎర్ర జెండా పాతి, ఇంకొకటి చేతిలో పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు. ఆరు వందల మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్ పెట్టాలి. పన్నెండు వందల మీటర్ల దగ్గర మూడు పెట్టాలి. అంతకు తక్కువైతే బొగ్గు బండి ఆగదు, దాని బరువు అలాంటిది.

యాభై నాలుగేళ్ళ మనిషి, ఆ ఎండలో, కాలు జారే కంకర మీద, రెండు పక్కలా గుట్ట రాళ్ళు సెగ కక్కుతుంటే పరుగెత్తాడు. నేను ఆయన ప్రతి అడుగునూ విన్నాను. మొదట గబగబా పడ్డాయి. మొదటి డిటొనేటర్ బిగించాక అడుగులు బరువెక్కాయి. తర్వాత ఒకటి ఇటు, ఒకటి అటు పడసాగాయి. ఒకచోట మోకాళ్ళ మీద పడి, అరచేతులు నా మీద ఆనించి లేచాడు. ఆ చేతులు తడిగా లేవు. చెమట ఆగిపోయిందంటే వడదెబ్బేనని ఆయనకు తెలుసు, ప్రతి ఏడాదీ వేసవి గస్తీ శిక్షణలో చెబుతారు. కూర్చోవాలి, నీడకు పోవాలి. నీడ లేదు. ఆయన లేచి నడిచాడు. మూడు డిటొనేటర్లనూ పది పది మీటర్ల దూరంలో ఒక్కొక్కటిగా బిగించి, పక్కకు దిగి, ఎర్ర జెండా ఊపుతూ నిలబడ్డాడు. నిలబడ్డాడని నేను అంటున్నాను. తూలుతున్నాడని తర్వాత కాగితం మీద రాశారు.

మూడూ పేలాయి. డ్రైవరు బ్రేకు వేశాడు. బండి కీచుమంటూ కిలోమీటరు పైగా జారి, నా మెలికకు నూట యాభై మీటర్ల దూరంలో ఆగింది.

అందులో ఎవరున్నారో అడగండి. ఎవరూ లేరు. పిల్లలు లేరు, పెళ్ళివారు లేరు, జనం ఎక్కే ప్యాసింజరు రద్దయి నెల రోజులైంది. ముందు ఇద్దరు డ్రైవర్లు, వెనక ఒక గార్డు, మధ్యలో ముప్పావు కిలోమీటరు పొడవునా బొగ్గు. ఆ ముగ్గురి ప్రాణాలూ ప్రాణాలే, నేను కాదనను. కానీ ఓదెలు ఒంట్లోని ఆఖరి చుక్క ధారపోసి కాపాడిన నాలుగు వేల టన్నుల సరుకు ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఏది కాలి కాలి ఆ ఎండను అంత ఎండ చేసిందో అదే.

రాయి దగ్గర సమ్మక్క కొద్దిసేపు ఆగి, రూలు ప్రకారం ముందుకు నడిచింది. పాతిన జెండాను చూసింది, నన్ను చూసింది. పరుగెత్తి ఇంజను దగ్గరకు వచ్చి ఓదెలన్న ఎక్కడని అడిగింది. డ్రైవరు వెనక్కి చూపించాడు. ఒక్కో బొగ్గు డబ్బా దాటుకుంటూ ఆ బండి మొత్తం పక్కన నడిచి, దాని తోక దాటి ఇంకా నడిచింది. గార్డు అప్పటికే ఓదెలు తల ఒళ్ళో పెట్టుకుని తన సీసాలో నీళ్ళన్నీ మొహాన కొట్టాడు. ఒళ్ళు పొయ్యి మీది పెనంలా ఉందని గార్డు అన్నాడు. సమ్మక్క చొక్కా గుండీలు విప్పుతుంటే జేబులోంచి ఉల్లిగడ్డ దొర్లి కంకరలో పడింది. అంబులెన్సు గుట్ట అవతలి రోడ్డు దాకానే రాగలిగింది. మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే ఓదెలు పోయాడు.

మర్నాడు నన్ను కోసి తీసేసి, నా జాగాలో కొత్త ముక్క అతికారు. సాయంత్రానికి బొగ్గు బండ్లు మామూలు వేగంతో పోతున్నాయి. నన్ను ఇక్కడ తెచ్చి పడేశారు. ఓదెలు సంచి సమ్మక్క దగ్గరే ఉండిపోయింది.

వారం తర్వాత విచారణకు వచ్చారు. పెద్దాఫీసు నుంచి ఒక అధికారి, ఆయన వెంట రాసుకోవడానికి ఇంకొకాయన. కారు ఇంజను ఆపకుండా, లోపల ఏసీ చల్లదనం పోకుండా, డ్రైవరును అందులోనే కూర్చోబెట్టి వచ్చారు. గ్యాంగు గదిలో నా తలవైపు కిటికీ తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ నాకు వినబడ్డాయి. ముందు రైలు డ్రైవరు చెప్పింది చదివారు. జెండా ఊపిన మనిషి తూలుతున్నాడని అందులో ఉంది. అధికారి ఆ ఒక్క మాటను పట్టుకున్నాడు. ఓదెలుకు తాగే అలవాటు ఉందా అని రాజపోశాన్ని అడిగాడు. రాజపోశం తల వంచుకుని, ఎప్పుడన్న పండుగకు అని నసిగాడు. భయపడ్డ మనిషి నోట్లోంచి వచ్చే అర్ధమాట ఎంత పని చేస్తుందో నేను ఆ రోజు విన్నాను.

గడప దగ్గర కూర్చున్న ఓదెలు భార్య కనకవ్వ లేచి నిలబడింది. ఆమె ఉద్యోగం గురించి అడగలేదు, ఇంకేదీ అడగలేదు.

"ఐదేండ్ల సంది నా మొగడు కల్లు గూడ ముట్టలే సారూ. ఎండ గొట్టి సచ్చిండు. గదే రాయుండ్రి. తాగి పడ్డడని రాయకుండ్రి, ఆయన పేరు ఖరాబు చెయ్యకుండ్రి."

అధికారి చెడ్డవాడిలా మాట్లాడలేదు. అలాంటి వాళ్ళు ఎప్పుడూ చెడ్డవాళ్ళలా మాట్లాడరు. రికార్డులో ఏముందో అదే రాస్తామమ్మా అన్నాడు. ఓదెలు గస్తీ పుస్తకం తెప్పించి తెరిచాడు. ఆ బుధవారం గడిలో గుండ్రటి దస్తూరితో యాభై ఎనిమిది. చనిపోయిన మనిషి స్వయంగా కొలిచి రాసుకున్నదే చెబుతోంది, వేడి హద్దులోనే ఉందని ఆయన తేల్చాడు. వేడి హద్దులో ఉంటే పట్టా మెలిక తిరగడానికి కారణం గ్యాంగు వాళ్ళు కంకర సరిగా కూరకపోవడం. మనిషి పడిపోవడానికి కారణం మనిషే. అంతా చక్కగా అతికింది, నన్ను వెల్డింగ్ చేసినంత చక్కగా.

సమ్మక్క లోపలికి వచ్చి ఆ పుస్తకాన్ని అధికారి చేతుల్లోంచి తీసుకుంది. ఆమె అలా తీసుకుంటుందని ఎవరూ అనుకోలేదు. వేలితో గడులు చూపించింది. బుధవారం కింద గురువారం, యాభై ఎనిమిది. శుక్రవారం, యాభై ఎనిమిది. శనివారం, యాభై ఎనిమిది.

"అన్న బుధవారం సచ్చిండు సారూ. శనివారం నాడు ఎట్ల కొలిచిండు?"

తన పుస్తకం కూడా తీసి బల్ల మీద పెట్టింది. నాది గూడ అబద్ధమే, అందరిది అబద్ధమే, నిజం రాస్తే మీరే ఫోను చేస్తరని చెప్పింది. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాతి తేదీలు ఈ విచారణ పరిధిలోకి రావు, బుధవారం వరకే చూస్తామన్నాడు. రెండో ఆయన ఆ మాట రాసుకున్నాడు.

అప్పుడు సమ్మక్క వాళ్ళిద్దరినీ బయటికి రమ్మంది. ఒంటిగంట దాటింది. మంచిదే కదా అని, పట్టా ముక్కను ఎలాగూ ఒకసారి చూడాలని వాళ్ళు వచ్చారు. తుమ్మచెట్ల నీడ నాకు అందడం లేదు, నేను పొద్దుటి నుంచి ఎండలోనే ఉన్నాను. బుధవారమంత ఎండ కాదు, దానికంటే తక్కువే. సమ్మక్క నా పక్కన నిలబడింది.

"చెయ్యి పెట్టుండ్రి సారూ. పది లెక్కపెట్టుండ్రి. ఇంకేం అడుగ."

గ్యాంగు అంతా చూస్తోంది. కనకవ్వ చూస్తోంది. అధికారి నవ్వాలని చూశాడు, నవ్వు రాలేదు. వంగి కుడి అరచేతిని నా మీద ఆనించాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. నా దగ్గరున్నదంతా ఆ చేతికి ఇచ్చాను. ఇన్నాళ్ళూ మోసిన బొగ్గు, మింగిన ఎండ, ఓదెలు అరచేతుల్లో ఇంకిపోయిన చెమట, అంతా. ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. మూడు అనబోయి, అరిచినంత పని చేసి చెయ్యి లాక్కున్నాడు. అరచెయ్యి ఎర్రగా కమిలింది. రెండో ఆయన పరుగున పోయి కారులోంచి చల్లటి నీళ్ళ సీసా తెచ్చాడు. సీసా మొత్తం ఆ చేతి మీద పోశారు. గస్తీ మనిషికి రోజంతా ఇచ్చే నీళ్ళు అవి.

ఆయన చాలాసేపు నా వైపు చూశాడు. ఆ చూపులో ఏదో ఉంది, నేను ఆశపడ్డాను. ఇనుము ఆశపడకూడదు గానీ పడ్డాను. కనకవ్వ కూడా పడింది, ఆమె చేతులు జోడించింది. ఆయన గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. రెండో ఆయన కాగితం ముందుకు జరిపాడు. అందులో మృతునికి మద్యం అలవాటు ఉన్నట్టు తెలియవచ్చినదని ఉంది, పట్టా ఉష్ణోగ్రత యాభై ఎనిమిది డిగ్రీలని ఉంది. అధికారి జేబులోంచి పెన్ను తీశాడు. అరచేతికి అప్పటికే బొబ్బ లేచింది, పెన్ను సరిగా పట్టుబడలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి పళ్ళు బిగబట్టి, ఆ చేత్తోనే, యాభై ఎనిమిది కింద సంతకం పెట్టాడు.